ఆరణాల దేశం

వసుమతి టీచర్‌కు స్వీడన్ మీద ఉన్న ప్రేమ పుట్టింటి మీద కూడా లేదు. పుట్టిల్లు చాదర్‌ఘాట్‌లోనే, రిక్షా ఎక్కితే అర్ధగంట. అక్కడికి ఏడాదికి ఒకసారి పోయేది. స్వీడన్‌కు మాత్రం రోజూ సాయంత్రం పోయి వచ్చేది, మా మిద్దె మీద నుంచే.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో మా వాడ. నడుమ వాకిలి, చుట్టూ ఐదు కిరాయి ఇళ్ళు, అందరికీ కలిపి ఒక్క నల్లా. ఒక ఇంట్లో నేనూ, మా ఆయన వామన్‌రావూ. ఆయనకు ఆబిడ్స్‌లో బట్టల దుకాణం. పక్కింట్లో వసుమతక్క ఒక్కతే. ఆడపిల్లల బడిలో భూగోళం చెప్పేది. పెళ్ళయిన మూడేళ్ళకే భర్త టైఫాయిడ్‌తో పోయాడు, పిల్లలు లేరు. చదివిందంతా ఉర్దూలో కాబట్టి, రాష్ట్రం కలిశాక తెలుగులో పాఠాలు చెప్పడానికి మళ్ళీ పిల్లలతో పాటే చదువుకుంది. అయినా మాటల్లో పడితే రష్యాను రూస్ అనే అనేది, ఈజిప్టును మిస్ర్ అనే అనేది.

నేను నోటి దురుసుదాన్ని, ముందే చెప్తున్నా. వసుమతక్కను నేను వెక్కిరించినంత ఇంకెవరూ వెక్కిరించి ఉండరు. ఆమె లేని సాయంత్రం నాకు తోచేదీ కాదు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పత్రికలు గుట్టలు పోసి అమ్మేవాళ్ళు. అక్క చీరలూ గాజులూ చూడకుండా నేరుగా ఆ గుట్టల దగ్గర కూర్చునేది. ఏ దేశంలో సర్కారు ఎంత పన్ను తీసుకుంటుంది, తీసుకుని ఏం చేస్తుంది, ఇదే ఆమెకు కావలసింది. ఎండాకాలం మిద్దె మీద నీళ్ళు చల్లి చాపలు పరుచుకుని పడుకుంటే, స్టేషన్ నుంచి బొగ్గు పొగ వాసన, దూరంగా షంటింగ్ చప్పుడు. అప్పుడు మొదలుపెట్టేది. అణాలు పోయి ఎన్నాళ్ళో అయింది కానీ మా నోళ్ళలో ఇంకా అణాలే ఉండేవి.

"జపాన్‌ల రూపాయికి మూడణాలు తీసుకుంటది సర్కారు, శశీ. అమెరికాల నాలుగు. ఇంగ్లాండుల ఐదు. స్వీడన్‌ల ఆరు."

"ఆరణాలా! పట్టపగలు దోపిడీ గదా అక్కా?"

"తీసుకునుడే చూస్తున్నవు. ఇచ్చుడు విను."

ఇక ఆ గొంతు మారిపోయేది. మంచు పడుతూ ఉంటుందట. కిటికీల్లో దీపాలు. బడి పిల్లలకు మధ్యాహ్నం అన్నం సర్కారే పెడుతుంది, సేటు కొడుక్కూ కూలివాడి కొడుక్కూ ఒకే బల్ల మీద. కాన్పుకు పోయిన తల్లి ఇంటికి రాకముందే నర్సమ్మ వచ్చి ఇల్లు చూసిపోతుంది. ఒక వీధి చివర ముసలామె ఒక్కతే ఉంటుంది, నా అన్నవాళ్ళు లేరు. పొద్దున్నే ఊరి సర్కారు పంపిన మనిషి వస్తుంది, పొయ్యి వెలిగిస్తుంది, ఆ ముసలామెకు తల దువ్వి జడ వేసి పోతుంది. జడ దగ్గరికొచ్చేసరికి అక్క గొంతు మెత్తబడేది. నేను వెక్కిరించడం మానేసి ఆకాశం చూస్తూ పడుకునేదాన్ని. కళ్ళు మూసుకుంటే నాంపల్లి మీద మంచు పడుతున్నట్టే ఉండేది.

"మరి అమెరికాల?" అని అడిగేవాడు కింది నుంచి మా ఆయన, ఆశగా.

"అక్కడ ఎవరి పొయ్యి వాళ్ళదే. కష్టపడ్డోడు మేడ కడతడు, జబ్బు పడ్డోడు ఆ మేడ అమ్ముకుంటడు."

"అదే నయం. నా దేశం అదే," అనేవాడు ఆయన. సేల్స్ టాక్స్ వాళ్ళు బజార్లోకి వచ్చారని కబురందితే దుకాణంలోని మంచి చీరల మూటలన్నీ మా మంచం కిందికి వచ్చి చేరేవి. మన దేశంలో తీసుకునేది రెండణాలే, దానికే మీ సేటుకు పానం పోతున్నదని అక్క నవ్వేది.

ఇంకో ఇంట్లో లక్డీకాపూల్ ఆఫీసులో గుమస్తా చేసే భావనారాయణ ఉండేవాడు. ఆయన వాదన ఆయనది. "అక్కా, మా ఆఫీసుల ఒకడు చేసే పని ముగ్గురం చేస్తం. కుర్చీల లెక్క తీస్తే అన్ని దేశాల కన్నా మనదే పెద్ద సర్కారు."

"కుర్చీలు లెక్క కాదు నాయనా. మనిషి కింద పడితే పట్టుకునే చెయ్యి ఎంత పెద్దగున్నది, అదే లెక్క," అనేది అక్క.

ఆమెకు ఈ పిచ్చి ఎక్కడ పట్టిందో ఒకసారి చెప్పింది. నిజాం జమానాలో వాళ్ళ నాయన కరోడ్‌గిరి నాకాలో లెక్కలు రాసే ముహర్రిర్. బయటి నుంచి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసే చోటు అది, ఈ నాంపల్లి స్టేషన్ దగ్గరే. చిన్నప్పుడు అక్క ఆయనకు అన్నం గిన్నె తీసుకుపోయేది. నెయ్యి డబ్బాలవాళ్ళు, బట్ట మూటలవాళ్ళు సుంకం కట్టి, నీ చేతులు పడిపోను అని నాయనను తిట్టి పోయేవాళ్ళు. ఆయన చేతులు కడుక్కుని అన్నానికి కూర్చునేవాడు. ఈ పైసలన్నీ ఎటు పోతయి నాయనా అని అడిగితే, తినేటప్పుడు అడగొద్దు అన్నాడట. "తిట్టు లేకుంట పన్ను ఇచ్చే జాగా ఎక్కడన్నా ఉన్నదా అని అప్పటి నుంచి దేవులాడుతున్న శశీ," అంది అక్క.

డెబ్బయ్యొకటిలో అనుకుంటా, నుమాయిష్ ఎగ్జిబిషన్ అయిపోయిన రోజుల్లో, మా నల్లా చెడిపోయింది. బాగు చేయించడానికి ఎవరు ఇవ్వాలో తేలక వాడంతా పక్క గల్లీకి బిందెలు మోసింది. అప్పుడు అక్క అంది, మన వాడనే ఒక దేశం చేసుకుందామని. ఎవరూ కాదనలేదు. నడుములు పడిపోయి ఉన్నాయి మరి.

చట్టం అక్కే చేసింది. నెలకు నూటయాభై లోపు వచ్చేవాళ్ళు రూపాయికి అణా డబ్బాలో వెయ్యాలి. అంతకు పైన వచ్చేవాళ్ళు రెండణాలు. ఆ డబ్బుతో నల్లా బాగు చేయించడం, వాకిట్లో దీపం, చిన్నపిల్లలకు పాలు. తక్కువ వచ్చేవాళ్ళకు దవాఖాన ఖర్చు కూడా డబ్బాలోంచే. ఎక్కువ వచ్చేవాళ్ళు మాత్రం తమ మందులు తామే కొనుక్కోవాలి. ఈ ఒక్కటీ అమెరికా నుంచి తెచ్చింది, అక్కడ సర్కారు మందు బీదవాళ్ళకేనట. ఎవరికి ఎంత వస్తుందో అందరి ముందరా చెప్పాలి. స్వీడన్‌లో ఎవరి రాబడి ఎంతో ఎవరైనా పోయి చూడొచ్చట, అక్కడ దాపరికం లేదట. డబ్బా అంటే డాల్డా డబ్బా, మూతకు చిల్లి కొట్టి అక్క గూట్లో పెట్టింది.

ఉగాది ముందరి ఆదివారం వాకిట్లో చాపలు వేశాం. మా హైదరాబాదు పాత కుటుంబాల్లో జీతం అడగడమంటే చీర కొంగు పట్టుకుని లాగినంత పని. దిష్టి తగులుతుందని ఉన్నది తగ్గించి చెప్పడమే మాకు అలవాటు. మా ఆయన గొంతు సవరించుకుని, దుకాణం సాగుతలేదు, నెలకు నూటనలభై మిగిలితే గొప్ప అన్నాడు. ఆయన చెప్పిన దానికి ఐదింతలు వస్తుందని నాకు తెలుసు. నేను ఆయన వీపు వంక చూసిన చూపుకు చొక్కా కాలిపోవాలి. ఆయన తిరగలేదు.

తర్వాత గట్టయ్య వంతు. గూడ్స్ షెడ్డులో హమాలీ మేస్త్రీ. భార్య జంగమ్మ. వాళ్ళకు మహా అంటే నూటఇరవై వచ్చేది. ఆ రోజు గట్టయ్య కర్మ కొద్దీ కొడుకు సంబంధం మాట్లాడడానికి భువనగిరి దిక్కు నుంచి పిల్ల తరఫువాళ్ళు వచ్చి, వాళ్ళ గుమ్మం ముందు మంచం మీద కూర్చుని ఉన్నారు. పిల్ల మేనమామ బిచ్చయ్య కూడా ఉన్నాడు. అతను నాంపల్లి స్టేషన్‌లోనే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అందరి చూపూ గట్టయ్య మీద పడింది. అతను తలపాగా సర్దుకున్నాడు.

"మూడు వందలు," అన్నాడు.

అబద్ధమని మాకందరికీ తెలుసు. కానీ పిల్లనిచ్చేవాళ్ళ ముందర పెళ్ళికొడుకు ఇంటివాళ్ళ మాట తీసెయ్యడం మాలో లేదు. సంబంధం చెడగొట్టిన పాపం ఏడు జన్మలు వెంటాడుతుందంటారు. అక్క కూడా "మంచిది గట్టయ్యా, రెండణాలు," అంది. అట్లా మా దేశంలో అందరికన్నా శ్రీమంతుడు మూటలు మోసే హమాలీ అయ్యాడు, బీదవాడు ఆబిడ్స్ బట్టల సేటు అయ్యాడు.

నవ్వొచ్చే మాటే. అప్పుడు నేనూ నవ్వాను.

తర్వాతి నెలలు ఏదో కలలో గడిచినట్టు గడిచాయి. నల్లా బాగైంది. వాకిట్లో దీపం వెలిగింది. పొద్దున్నే పాలు వచ్చేవి. వానలు పడ్డాక మిద్దె మీద చాపల్లో పడుకుని కింద వెలుగుతున్న ఆ దీపం వంక చూస్తూ, "శశీ, చూడు, స్వీడన్‌ల గూడ గిట్లనే ఉంటది," అనేది అక్క. ఆమె మొహంలో ఇరవై ఏళ్ళ పిల్ల కనిపించేది. నాకూ నమ్మకం పట్టుకుంది. ఒకసారి కలలో నేను బొచ్చు కోటు వేసుకుని ఆబిడ్స్ చౌరస్తాలో మంచులో నడుస్తున్నాను, సేల్స్ టాక్స్ ఆయన ఎదురొచ్చి నాకు పువ్వులిచ్చాడు. మా ఆయనకు చెప్తే జ్వరమొచ్చిందేమో చూసుకోమన్నాడు.

జ్వరం ఆయనకే వచ్చింది, దానితో పాటు కడుపులో మంట. డాక్టరు చూసి అల్సర్ అన్నాడు. మందులు, పాలు, పథ్యం, అన్నీ డబ్బాలోంచే వచ్చాయి. ఆయన కాగితం మీద బీదవాడు కదా. "సిగ్గు లేదా మీకు?" అని అడిగితే, "కట్టినం, తీసుకుంటున్నం. చట్టం," అన్నాడు. స్వీడన్‌ను అప్పుడు మాత్రం బాగా ఒప్పుకున్నాడు. వారం రోజులు ఆయనకు ఉప్పు లేని పప్పు పెట్టాను, పథ్యమని చెప్పి.

గట్టయ్య మాత్రం ప్రతి నెలా మొదటి తారీఖున వచ్చి తన రెండణాల లెక్క, ముప్పై ఏడున్నర, డబ్బాలో వేసిపోయేవాడు. ఒక్కసారీ ఆలస్యం చెయ్యలేదు. పెళ్ళి మరుసటి ఏడు వైశాఖానికి పెట్టుకున్నారు. బిచ్చయ్య డ్యూటీ దిగి పోతూ పోతూ వారానికొకసారి పలకరించడానికి వచ్చేవాడు కాబట్టి గట్టయ్యకు వెనక్కి తగ్గే దారి లేదు. జంగమ్మ రెండిళ్ళలో అంట్లు తోమడానికి ఒప్పుకుంది. ఏమే చిక్కిపోయినవు అని నేను అడిగితే, "ఎండలు గదా దొరసాని," అనేది. చలికాలం వచ్చినా అదే మాట చెప్పింది.

పుష్యమాసంలో ఒకనాడు నల్లా దగ్గర బిందె ఎత్తబోయి జంగమ్మ పడిపోయింది. రిక్షాలో వేసి దవాఖానకు తీసుకుపోయాం. రక్తం లేదు, ఊపిరితిత్తులకు నెమ్ము పట్టింది అన్నారు. మంచానికి పైసలు అడగలేదు కానీ సూదిమందులు బయట కొనుక్కు రమ్మన్నారు. రోజుకు రెండు, ఇరవై రోజులు పైనే. ఆలస్యమైతే మనిషి దక్కదని డాక్టరమ్మ గట్టయ్య మొహం మీదే చెప్పింది.

డబ్బాలో కొంచెం ఉంది. కానీ చట్టం ప్రకారం గట్టయ్యకు అందులోంచి పైసా రాదు. ఆయన మూడు వందల మనిషి.

అక్క గట్టయ్య గుమ్మం దగ్గరికి పోయింది, నేనూ వెనకే పోయాను. లోపల బిచ్చయ్య కూర్చుని ఉన్నాడు, జంగమ్మకు బాగలేదని తెలిసి వచ్చాడు.

"గట్టయ్యా, సూదులకు డబ్బాలకెళ్ళి తీసుకో," అంది అక్క.

గట్టయ్య బిచ్చయ్య వంక చూశాడు. "వద్దు టీచరమ్మా. నాకు దండిగ వస్తది గదా. డబ్బా తక్కువోళ్ళది. నా తిప్పలు నేను పడత."

అక్క చేసిన చట్టమే ఆమె నోటికి అడ్డం పడింది. తీసుకోమని గట్టిగా అంటే అతన్ని వియ్యంకుల ముందర అబద్ధాలకోరును చేసినట్టు. ఊరుకుంటే జంగమ్మ పోతుంది. ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంది. నేను మంచినీళ్ళిస్తే తాగలేదు. ఆమెను ఆ రోజు చూసినంత దీనంగా ఎప్పుడూ చూడలేదు.

దీపం పెట్టే వేళకు లేచింది. గంటె తీసుకుని డబ్బా మీద కొట్టుకుంటూ వాకిట్లోకి వచ్చింది. అందరూ బయటికొచ్చారు, గట్టయ్య, బిచ్చయ్య కూడా.

"నేను తప్పు దేశం చూసి చట్టం రాసిన," అంది. "తక్కువోళ్ళకే మందు అంటే, మందు కావాలన్నోడు ముందుగాల నేను తక్కువోన్ని అని పదిమందిల చెప్పుకోవాలె. ఇంగ్లాండుల గట్ల కాదు. లాట్‌సాబుకైనా, బొగ్గు బాయిల కూలోనికైనా దవాఖాన ఒక్కటే. నీకెంత వస్తదని వాకిట్ల నిలబెట్టి అడగరు. ఇయ్యాల్టి నుంచి మన డబ్బా గూడ అంతే. రోగమొస్తే చాలు. జీతం అడగం."

"బాగనే ఉన్నది గని అక్కా, ఆ డబ్బాల గంత పైకమేది?" అన్నాడు భావనారాయణ. ఆఫీసు మనిషి కదా, సరిగ్గా అక్కడే పట్టుకున్నాడు.

"అందరికీ ఇయ్యాలంటే అందరం ఎక్కువ వెయ్యాలె. ఉన్నోళ్ళు ఆరణాలు."

"ఆరణాలా!" అన్నాడు మా ఆయన. "నాకు దుకాణమే సాగుతలేదు, ఆరణాలు ఎక్కడికెళ్ళి తేవాలె?"

మా ఇళ్ళలో ఆడది మొగుడి రాబడి బయటపెట్టదు. చచ్చినా పెట్టదు. నాకు మా అమ్మ నేర్పిన మొదటి మర్యాద అదే. అప్పుడు నా ఒంట్లో ఏం పూనిందో తెలియదు.

"దుకాణం సాగుతున్నది," అన్నాను. "బ్రహ్మాండంగ సాగుతున్నది. మా మంచం కింద చీరల మూటలతోని కాలు పెట్ట జాగ లేదు. ఆరణాలు మా ఇంటికెళ్ళి వస్తయి, రాసుకో అక్కా."

మా ఆయన తర్వాత పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు, హాయిగా ఉంది. కానీ ఆ రాత్రే పెట్టె తీసి పైకం తెచ్చి అక్క గుమ్మంలో పెట్టి వచ్చాడు. అది కూడా చెప్పాలి.

ఆ గొడవ మధ్యలో బిచ్చయ్య లేచి నిలబడ్డాడు. అతను తక్కువ మాటల మనిషి.

"బావా, నేనున్నది ఆ టేషన్‌లనే. గూడ్స్ షెడ్డు మేస్త్రీకి ఎంతిస్తరో నాకు ఎరుక లేదా? మొదటి నాడే ఎరుకనే," అన్నాడు గట్టయ్యతో. "లేని జీతానికి నెల తప్పకుంట పన్ను కట్టిన మనిషివి. మాట మీద నిలబడే ఇల్లని పిల్లనిస్తమన్నం. నీ మూడు వందలు చూసి కాదు."

గట్టయ్య తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. నాకు మాత్రం ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. బిచ్చయ్యకు తెలుసు, మాకు తెలుసు, అందరికీ తెలుసు. అందరం మర్యాదస్తులం. ఆ మర్యాద కింద ఒక ఆడమనిషి ఏడాదిగా ఎండిపోతుంటే ఎండలు గదా అంటే నమ్మాం.

సూదిమందులు తెచ్చాం. జంగమ్మ బతికింది. మూడో వారం లేచి కూర్చున్నాక అక్కా నేనూ గిన్నెలో మెత్తటి అన్నం, చారు దవాఖానకు తీసుకుపోయాం. కొత్త చట్టం గురించి అక్క సంబరంగా చెప్పింది, ఇంగ్లాండు, స్వీడన్ అన్నీ కలిపి. జంగమ్మ శ్రద్ధగా విన్నది. ఆమెకు అక్క చెప్పే దేశాలంటే ఇష్టమే.

"టీచరమ్మా," అంది చివరికి, "ఆ దేశంల పన్ను ఎవలు కడతరు?"

"సంపాదించేటోళ్ళు కడతరు జంగమ్మా."

"మా ఇంట్ల నేను కట్టిన. ఆయనకూ పోరనికీ పెట్టినంక మిగిలిందాంట్లకెళ్ళి. మిగలని నాడు గంజి తాగిన." ఫిర్యాదుగా చెప్పలేదు. లెక్క తెలియని వాళ్ళకు లెక్క చెప్పినట్టు చెప్పింది. "ఆ దేశపు ఆడోళ్ళు గూడ గిట్లనే కడతరా?"

అక్క ముద్ద కలిపి జంగమ్మ నోట్లో పెట్టింది, గిన్నె ఖాళీ అయ్యేదాకా పెడుతూనే ఉంది. తిరిగి నడుచుకుంటూ వస్తుంటే గల్లీ మొదట్లో ఆగి, "అణాలు లెక్కపెట్టిన గని, ఆ అణా ఎవరి కంచంలకెళ్ళి వచ్చిందో చూడలే శశీ," అంది.

తర్వాతి నెల మొదటి తారీఖున అక్క డబ్బా చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మగవాళ్ళు జీతం చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. వాళ్ళను దాటి వంటింటి గుమ్మం దాకా పోయి నిలబడింది. మా ఇంటికీ వచ్చింది. ఐదింటిలోకీ కలిగిన ఇల్లు మాదే. మా ఆయన ఆరణాల పైకం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

అక్క ఆయన వంక చూడలేదు. పొయ్యి ముందు కూర్చున్న నన్ను చూసింది. ఆయనకు వడ్డించాక అడుగున మిగిలిన మాడు నా కంచంలో ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ అదే నా వంతు, నేనెప్పుడూ అదొక విషయమని అనుకోలేదు.

"ఇది చెప్పు శశీ," అంది. "నువ్వు కడుపు నిండ తిన్నవా?"

నోటి దురుసుదాన్ని నేను. కంచం చేత్తో మూసేసి, గట్టిగా ఏడ్చేశాను.